మధ్యలో ఎవరూ కూర్చోరు

నా చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ. మా అత్తలు దాన్ని పొగరంటారు. అననీ. స్పీకర్ పెట్టిన నిమిషంలో అందులో ఏం తక్కువైందో, ఏం ఎక్కువైందో చెప్పగలను. చెప్పి ఊరుకోను, సరిచేసి చూపిస్తాను కూడా. కానీ ఆ గురువారం దాకా కస్టమర్ల ఇళ్లకు వెళ్లి సినిమా గదిని శ్రుతి చేసే పని నాది కాదు, మా నాన్నది. హవల్లీలోని మా షాపులో నాది కౌంటరు కుర్చీ.

నాన్నను ఊరంతా బూ గానిం, అంటే ‘గానిం నాన్న’ అంటారు; కొడుకు పేరుతో తల్లిదండ్రుల్ని పిలవడం మా అరబ్బుల మర్యాద. ఇళ్లలో తెరలూ స్పీకర్లూ అమర్చడంలో ముప్పై ఏళ్ల పేరు ఆయనది. ఆయన పద్ధతి ఒక్కటే. అన్నీ బిగించాక గది నడిమధ్యన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటాడు. "ఆ మూలది కాస్త తగ్గించు, ఈ పక్కది పెంచు" అంటూ పనివాళ్లను గంటసేపు నిలబెడతాడు. శబ్దాన్ని కొలిచే మైకు కొని నేను ఆయన ముందు పెడితే, "అల్లా రెండు చెవులిచ్చాడు, నువ్వు మూడోది కొన్నావా?" అని నవ్వేశాడు. ఆ మైకు రెండేళ్లుగా డబ్బాలోనే ఉంది.

గురువారం పొద్దున బూ దారీ ఫోన్ చేశాడు. ఆయనది రౌదాలో పెద్ద ఇల్లు. ఇంటి ముందు దివానియా, అంటే మగవాళ్లు చేరి కబుర్లు చెప్పుకునే గది. నాలుగు నెలల క్రితం అందులో పెద్ద తెర, స్పీకర్లు పెట్టింది నాన్నే. శుక్రవారం సాయంకాలపు అసర్ నమాజు కాగానే ఇరవై మంది అక్కడ చేరి సూపర్‌హీరో సినిమా చూస్తారు. పిల్లలనుకునేరు, అందరూ తాతలే. వాళ్లకు పెద్ద తాత బూ బర్రాక్. ఆయన చమురు ఓడలకు కెప్టెన్‌గా చేసి దిగినవాడు, డెబ్భై ఎనిమిదేళ్లు. ముసుగు వేసుకుని ఎగిరేవాడు తెర మీద కనబడితే చాలు, ఆయనకు కీళ్ల నొప్పులు గుర్తుండవు.

"బూ గానిం, నీ మీద గౌరవం కొద్దీ ముందు నీకే చెబుతున్నా," అన్నాడు బూ దారీ. నాన్న ఫోన్ కౌంటరు మీద పెట్టి అందరికీ వినబడేలా మాట్లాడతాడు, అది ఆయన అలవాటు. "బాంబులు పేలితే గోడలదురుతున్నాయి. మనుషులు మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క అర్థం కావట్లా. పోయిన వారం బూ బర్రాక్ ఏమన్నాడో తెలుసా? ‘ఆ ముసుగువాడు మాట్లాడుతున్నాడా, గొంతు సవరించుకుంటున్నాడా’ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"తెర కింద మాటల అక్షరాలు వేసుకోండి," అన్నాడు నాన్న.

"ఆయన వేయనిస్తేగా! ‘ముప్పై ఏళ్లు ఇంగ్లీషువాళ్ల మీద కేకలేసినవాణ్ని, నాకు అక్షరాలెందుకు, ఇదేమన్నా బడా’ అంటాడు. ఇంకోటి, బొమ్మ కూడా పాడైంది. నలుపు నలుపులా లేదు, బూడిద చల్లినట్టుంది. రేపు కొత్త సినిమా ఉంది. రేపటికి బాగుపడకపోతే శనివారం వేరే షాపువాళ్లు వచ్చి మొత్తం పీకేస్తారు. ఏమనుకోకు."

ఫోన్ పెట్టేశాక నాన్న మొహం చూడలేకపోయాను. దివానియాలో అన్న మాట తెల్లారేసరికి పది దివానియాలు తిరిగొస్తుంది. ‘బూ గానిం పెట్టింది పీకేశారట’ అని ఒక్కసారి బయటికి పొక్కితే ముప్పై ఏళ్ల పేరు ముప్పై గంటల్లో పోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"నా చెవి తప్పు చెప్పదు," అన్నాడు నాన్న, నేనేమీ అనకముందే.

"చెప్పదు నాన్నా. శ్రుతి చేసేటప్పుడు ఎక్కడ కూర్చున్నావ్?"

"ఎక్కడ కూర్చుంటారు? మధ్యలో."

"బూ దారీ దివానియాలో మధ్యన ఏముంది?"

"తివాచీ."

"మరి తివాచీ మీద ఎవరు కూర్చుంటారు?"

నాన్న నా వంక చూశాడు. దివానియాలో దిండ్లన్నీ గోడల వెంబడే ఉంటాయి. ఒకరికి ఒకరు వీపు చూపించకూడదు, వచ్చినవాడు కుడివైపు నుంచి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ చుట్టూ రావాలి, అందుకని నడుమ ఖాళీగా వదిలేస్తారు. ఆయన ముప్పై ఏళ్లుగా ఎన్నో దివానియాల్లో గోడకానుకునే కూర్చున్నాడు. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్పీకర్లతో పాటు వచ్చే విలాయతు పుస్తకంలోని బొమ్మే గుర్తుంటుంది. అందులో సోఫా గది మధ్యలో ఉంటుంది.

"తెలివి మీరింది నీకు," అన్నాడు చివరికి. "పోతే పో. కానీ ఒకటి గుర్తుంచుకో. నువ్వు చెడగొడితే సబీకా చెడగొట్టిందనరు, బూ గానిం చెడగొట్టాడంటారు."

"చెడగొట్టను."

"అంత ధీమా ఏంటే నీకు?"

"నీ కూతుర్నిగా."

ఆయన నవ్వలేదు. నేను మైకు డబ్బా మీద దుమ్ము దులిపాను.

శుక్రవారం పొద్దున్నే బూ దారీ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య ఉమ్ దారీ తలుపు తీసి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది. "నువ్వొక్కదానివేనా?" అంది. "నేను చాలు ఖాలా," అన్నాను, పిన్నిని పిలిచినట్టే. ఆవిడకు ఆ మాట నచ్చినట్టుంది, నిచ్చెన తానే మోసుకొచ్చింది.

ముందు బొమ్మ సంగతి చూశాను. ప్రొజెక్టర్ పైకప్పుకు దగ్గరగా అలమర మీద ఉంది. దాని కింది అరలోనే ఊదు వేసే కుంపటి. లెన్స్ మీద మెత్తటి గుడ్డతో ఒక్కసారి రుద్దితే గుడ్డకు పసుపుపచ్చ జిడ్డు అంటుకుంది.

"ఖాలా, ఈ కుంపటి ఇక్కడ ఎవరు పెడుతున్నారు?"

"నేనే. వచ్చినవాళ్లందరికీ పొగ తిప్పాక అక్కడ పెట్టేస్తా. పైనుంచి గదంతా పరుచుకుంటుందని."

"పరుచుకుంది ఖాలా. నాలుగు నెలల ఊదు అద్దం మీద పరుచుకుంది."

ఆవిడ నోరు నొక్కుకుంది. "మా ఆయనకు చెప్పకే తల్లీ! ఆ ప్రొజెక్టర్ పనికిరాదని వారం నుంచి తిట్టిపోస్తున్నాడు." చెప్పనని ఒట్టేసి, కుంపటిని గుమ్మం పక్కకు మార్పించి, లెన్స్ మూడుసార్లు తుడిచాను. పాత సినిమా ఒకటి పెట్టి చీకటి సందులో నల్ల దుస్తులవాడు నడిచే చోట ఆపాను. నలుపు నల్లగా వచ్చింది. ఆ నలుపులో వాడి భుజం మడతలు కూడా వేటికవే కనబడ్డాయి. సగం పని అయిపోయింది.

ఇక శబ్దం. నాన్న కూర్చున్న చోటే తివాచీ మీద కుర్చీ వేసుకుని కూర్చుని విన్నాను. గుసగుస మాట కూడా పూసగుచ్చినట్టు వినిపించింది. నాన్న చెవికి వంక పెట్టడానికి లేదు, ఆ ఒక్క కుర్చీకి అంతకంటే బాగా ఎవరూ చేయలేరు. అప్పుడే కాఫీ పోసే షంసు గిన్నెలు సర్దుకుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు, ఈ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉన్నాడు.

"అక్కడ బాగా వినిపిస్తుంది మేడం," అన్నాడు. "కాఫీ పోయడానికి మధ్యకు వచ్చినప్పుడల్లా కథ నాకే అర్థమవుతుంది. పెద్దలందరూ నన్నే అడుగుతారు, ‘వాడు ఏమన్నాడు షంసూ’ అని. పోయిన వారం బూ బర్రాక్ గారికి క్లైమాక్స్ మొత్తం నేనే చెప్పా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత ఖరీదైన గదిలో సినిమా విన్నది ఒక్క షంసు.

బూ బర్రాక్ కూర్చునే చోటికి వెళ్లాను. గుమ్మానికి ఎదురుగా, మూల దిండు. అందరికంటే పెద్దవాడికి ఇచ్చే చోటు అది. ఆ దిండు వెనకే నాన్న ఊఫర్‌ను, అంటే బరువైన మోత పుట్టించే పెట్టెను దాచాడు, కంటికి కనబడకూడదని. గోడకు ఆనుకుంటేనే ఆ మోత ముద్దలా కూడుకుంటుంది. మూలలో మరీను, అందులోనూ పెట్టె వీపు వెనకే ఉంటే చెప్పాలా? గదిలో ఎక్కువ గౌరవం ఉన్న చోటే ఎక్కువ అన్యాయం జరుగుతోంది. పెద్దాయన నాలుగు నెలలు ఓర్చుకున్నాడంటే ఓడ ఇంజన్ల పక్కన బతికిన మనిషి కాబట్టి.

మైకు తీశాను. ఆ గదిలో ఇరవై రెండు దిండ్లున్నాయి. ఇరవై రెండు చోట్లా, మనిషి ఆనుకుంటే చెవి ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున మైకు పెట్టి కొలిచాను. ఊఫర్‌ను మూల నుంచి లాగి తెర కిందకు చేర్చి, దాని జోరు తగ్గించాను. తివాచీ వైపు చూస్తున్న స్పీకర్లను గోడల వైపు తిప్పాను. మాటలు వచ్చే స్పీకర్‌ను కాస్త పైకెత్తాను. మళ్లీ ఇరవై రెండు చోట్లా కొలిచాను. మోకాళ్లు పట్టేశాయి. మధ్యాహ్నం జుమా నమాజు బాంగు వినబడేవేళకు మూల దిండుకీ గుమ్మం దగ్గరి దిండుకీ తేడా లేకుండా పోయింది.

షంసు మధ్యలో నిలబడి చెవి వంచాడు. "మేడం, ఇప్పుడు నాకు కొంచెం తగ్గింది."

"ఇక నువ్వు కాఫీ పోసుకో షంసూ," అన్నాను.

అసర్ తర్వాత అందరూ వచ్చారు. యంత్రాలు పెట్టిన చిన్న గది దివానియా పక్కనే ఉంది, దానికో జాలీ కిటికీ. ఉమ్ దారీ, నేనూ సమోసాల పళ్లెం మధ్యన పెట్టుకుని అందులోంచి చూస్తున్నాం. నాన్న కూడా వచ్చాడు, ఇస్త్రీ నలగని తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో. ‘పని అయిపోయింది’ అని ఒక్క మాటే ఫోన్‌లో పంపాను, ఆయన ఏమీ అడగలేదు. బూ బర్రాక్ ఆయన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నాన్న చేతిలోని జపమాల ఒకచోట నిలవడం లేదు.

సినిమా మొదలైంది. ఊరు కూలింది, వంతెన విరిగింది, గదిలో అందరి ఛాతీలూ అదిరాయి. అది అదరాల్సిందే. తర్వాత ముసుగువాడు శిథిలాల్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడి గురువు వాడి ఒళ్లో తల పెట్టి ప్రాణం విడుస్తున్నాడు. ముసుగువాడు చాలా మెల్లగా ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే షంసు కాఫీ కూజాతో మధ్యకు వచ్చాడు, అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు తాతలు అతని వైపు తల తిప్పారు.

బూ బర్రాక్ చెయ్యెత్తాడు. "ఆగు. చెప్పకు."

గదిలో గిన్నె చప్పుడు కూడా లేదు. ముసుగువాడు అన్నాడు, "నేను ఆలస్యంగా వచ్చాను, క్షమించండి." ఆ మాట మూల దిండు దాకా చేరింది. పెద్దాయన తలగుడ్డ గుత్రా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు సముద్రం మీద ఎవరు గుర్తొచ్చారో నాకు తెలియదు. ఉమ్ దారీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సినిమా అవగానే బూ బర్రాక్ నాన్న భుజం చరిచాడు. "నీ చెవికి దండం పెట్టాలి బూ గానిం! ఒక్కరోజులో ఏం చేశావయ్యా?" బూ దారీ లేచి వచ్చి నాన్న నుదుట ముద్దు పెట్టుకున్నాడు. "నీ గురించి తొందరపడి మాట్లాడాను, మన్నించు," అన్నాడు. గదంతా ఒకటే మెచ్చుకోళ్లు.

అంతే, పేరు నిలబడింది. నాన్న తల ఊపి నవ్వి ఊరుకుంటే చాలు. నేను ఏమీ అనుకునేదాన్ని కాదు. అబద్ధం, అనుకునేదాన్ని. ఒళ్లు మండిపోయేది, కానీ నోరు విప్పేదాన్ని కాదు.

నాన్న లేచాడు. లేచి తివాచీ మధ్యకు నడిచాడు, ఎవరూ నిలబడని చోటికి.

"నాలుగు నెలల క్రితం నేను ఇదిగో ఇక్కడ కుర్చీ వేసుకుని శ్రుతి చేశాను," అన్నాడు. "ఇక్కడ ఎవరూ కూర్చోరని నాకు తట్టలేదు. మీరు మర్యాద కొద్దీ నాలుగు నెలలు నా తప్పును విన్నారు. దీన్ని బాగుచేసింది నేను కాదు, నా కూతురు సబీకా. నేను నమ్మకపోయినా వచ్చి బాగుచేసింది."

ముందుగా బూ బర్రాకే నవ్వాడు. "అయితే బూ దారీ, ఈ నాలుగు నెలల సినిమాలన్నీ మళ్లీ వేయాల్సిందే! షంసు చెప్పిన కథలు ఎంతవరకు నిజమో చూడాలి." షంసు కూజా వెనక మొహం దాచుకున్నాడు.

నవ్వులు ఆగాక పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. "అమ్మాయ్ సబీకా, మా దివానియాలో కూడా ఇదే గోల. ఎప్పుడొస్తావ్?"

ఇన్నేళ్లూ కస్టమర్ ఎవరు నన్ను ఏమడిగినా జవాబు నాన్నే చెప్పేవాడు. నేను ఆయన నోరు తెరుస్తాడేమోనని చూశాను. ఆయన తివాచీ మధ్యన నిలబడి, అందరితో పాటు నా వైపే తిరిగి, నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆదివారం పొద్దున వస్తాను బాబాయ్," అన్నాను.