మంచానికీ కబోర్డుకీ మధ్య

కబోర్డులోంచి మొగుడు తిరుమలరావు చొక్కా తియ్యాలంటే యమునకి పొద్దున్నే ఒక యుద్ధం. పడకగదిలో గోడ పొడుగునా టేకు కబోర్డులు, వాటి ముందు డబుల్ కాట్, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిస్తే పట్టేంత సందు. తలుపు సగం తెరుచుకుని మంచానికి కొట్టుకుంటుంది. ఆ సగంలోంచి చెయ్యి దూర్చి, తడిమి, ఇస్త్రీ నలగకుండా చొక్కా లాగడం ఆమెకి పెళ్లయ్యాక వచ్చిన విద్య. ఆయనగారికి మాత్రం చొక్కా కొక్కేనికి వేలాడుతూ కనబడుతుంది. అదక్కడికి ఎలా వచ్చిందో ఏనాడూ అడగలేదు.

ఇంతకీ ఆ కబోర్డుల్లో దాచుకున్న సంపద ఏమిటంటే, అత్త అసిరమ్మ వాడని ఇత్తడి బిందెలు, ఆడపడుచు రేఖ పిల్లలు ఎప్పుడో ఊగిన ఉయ్యాల, ధాన్యం వ్యాపారుల సంఘం తిరుమలరావుకి కప్పిన శాలువాలు. యమున చీరలు మంచం కింద సూట్‌కేసులో ఉంటాయి.

మంచానికి రెండోపక్క గోడ. ఆ గోడవార యమున. పెళ్లాం ఎడంపక్కనే పడుకోవాలన్నది అసిరమ్మ శాస్త్రం, మొగుణ్ణి దాటకూడదన్నదీ ఆవిడ శాస్త్రమే. అందుకని కిందికి దిగాలంటే మోకాళ్ల మీద కాళ్లవైపుకి పాకాలి. కొత్తలో సిగ్గేసేది. తర్వాత ఒళ్లు మండేది. ఆ తర్వాత ఏమీ అనిపించకుండా పోయింది. అన్నిటికన్నా అదే ఘోరం.

మొన్న చలికాలంలో ఆమెకి గర్భసంచి తీశారు. వంగొద్దు, బరువులు లాగొద్దు అంది శ్రీకాకుళం డాక్టరమ్మ. ఇంకెక్కడ పాకుతుంది? కుట్లు పచ్చిగా ఉండగానే హాల్లో టీవీ ముందు చాప వేసుకుంది. తిరుమలరావు చూసి, "మంచిదేలే, గాలాడతాది" అన్నాడు. అని, ఆమె తల పక్కన కాళ్లు చాపుకుని వార్తలు పెట్టుకున్నాడు. మర్నాటి నుంచే మంచం మధ్యకి జరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు.

కుట్లు మానాయి. గదిలోకి రమ్మని ఎవరూ అనలేదు. కబోర్డులు తీయించేద్దామని చివరికి ఆమే నోరు తెరిచి అడిగింది. ఇక చూడాలి. మీ మావ చేలో పెంచిన టేకని అసిరమ్మ కళ్లొత్తుకుంది. నాన్న గుర్తు పీకేస్తావా వదినా అని రేఖ ఫోన్ చేసి నిలదీసింది. తిరుమలరావు కొన్నాళ్లు వినబడనట్టు తిరిగి, ఆఖరికి వడ్రంగి అప్పలసూరిని పిలిపించాడు. "నీ ఇష్టం. ఉంచుతావో పీకుతావో నువ్వే సెప్పుకో. రేపు నన్నేటీ అనకు" అని బండెక్కి కోటబొమ్మాళి పోయాడు. ఆయన నోట నీ ఇష్టం అన్న మాట వచ్చిందంటే, జరగబోయే తప్పు ముందే ఆమె నెత్తిన పెట్టేసినట్టు.

అప్పలసూరి సందులో ఇరుక్కుని కబోర్డులు తట్టి చూశాడు. పీకొచ్చు గానీ గోడ పెళ్లలు ఊడతాయన్నాడు. గుమ్మంలో అసిరమ్మ కొంగు బిగించి నిలబడింది.

యమున గదిని చూసింది. పరుపు మీద సరిగ్గా మధ్యలో ఆయన పడుకున్న గుంట కనబడుతోంది. ఇన్నాళ్లూ అందరూ కబోర్డుల కోసమే కొట్టుకున్నారు, తను కూడా. గదిని మింగి కూర్చున్నది అవి కాదు కదా. ఇంత చిన్న సంగతి తట్టకుండా ఎన్నేళ్లు పాకానా అని తన మీద తనకే కోపం వచ్చింది. నేల మీద ఒక్క పరుపు, ఒక్క దిండు చాలు. ఏ వైపు నుంచైనా లేచి నిలబడొచ్చు. గది తలుపుకి లోపల గడియ కూడా ఉంది.

"కబోర్డులు ముట్టుకోకు అన్నా" అంది.

అసిరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"మంచం విప్పీ. హాల్లో బిగించీ. ఈ గదిలో నానొక్కదాన్నే పడుకుంటాను."

అప్పలసూరి అత్తనోసారి, కోడల్నోసారి చూసి, సంచిలో రెంచి వెతుక్కున్నాడు. అసిరమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"వచ్చీ పోయీవోల్ల ముందు నా కొడుకు హాల్లో పడుకోవాలేటే?"

"నాను పడుకోనేదేటి అత్తా?" అంది యమున.