నవ్వు చూశాకే జిగురు

“కాస్త పెద్దగా తెరవండి మేడం. అదీ, అంతే!” అంటూ శౌరమ్మ ఉషశ్రీ పైపెదవిని వేలితో ఎత్తి పట్టుకుంది. డాక్టర్ సిద్ధార్థ పింగాణీ పొరలను ఒక్కొక్కటిగా ముందుపళ్ల మీద ఆనించాడు. గోరంత పలచనివి. ఇంకా అతికించలేదు, కుదిరాయో లేదో చూడటానికి పెట్టినవే.

పటమటలోని ఆ పళ్లాసుపత్రిలో శౌరమ్మకు అదే ఆఖరి రోజు. గన్నవరంలో కూతురు క్రిస్టినాకు నెలలు నిండాయి. చేసిన చాకిరీ చాలమ్మా, వచ్చెయ్యమని ఒకటే పోరు. శౌరమ్మకు బెంగేమీ లేదు. పుట్టబోయే బిడ్డకు పాత చీరలు చింపి మెత్తటి గుడ్డలు కూడా కుట్టి పెట్టుకుంది. ఈ ఉషశ్రీ గారి పని ఒక్కటి సవ్యంగా అయిపోతే హాయిగా బస్సెక్కేస్తుంది.

ఆసుపత్రి తెరిచిన కొత్తలో గదులు తుడవడానికి వచ్చిన మనిషి. తర్వాత్తర్వాత పనిముట్లు ఉడకబెట్టడం, ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం నేర్చుకుంది. బుగ్గలు జారాయి, వేళ్లు గ్లవుజుల పొడికి ఎండి గరుకుదేరాయి, మాస్కు పైన కళ్లు మాత్రం ఎప్పుడూ ఏదో అల్లరి తలచుకుంటున్నట్టే ఉంటాయి. ఎదుటి మనిషిని నవ్వించడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. అద్దం చేతికిస్తే చాలు, జనం ఫొటోకి నిలబడ్డట్టు పెదాలు సాగదీస్తారు. అదొక నవ్వా! అందుకే మనిషి మనసారా నవ్వేదాకా డాక్టరు జిగురు ముట్టడు. ఆ నవ్వు తెప్పించే పూచీ శౌరమ్మది.

ఉషశ్రీది ఉయ్యూరు, బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు జ్వరానికి వాడిన మందులకు పళ్లు బూడిదరంగు తిరిగితే, అప్పట్నుంచీ మూతి బిగించుకునే బతికింది. రెండు వారాల కిందట మత్తింజెక్షనిచ్చి పళ్ల పైపొర అరగదీసి, అచ్చు తీసుకుని, తాత్కాలికంగా ప్లాస్టిక్‌వి పెట్టారు. “అరగదీశాక మళ్లీ పాత పళ్లు రావండీ, బాగా ఆలోచించుకోండి” అని శౌరమ్మ ముందే చెప్పింది. చల్లటివి తాగితే కొన్నాళ్లు జివ్వుమంటుందనీ, చెరుకు తోటల ఉయ్యూరు వాళ్లయినా సరే ఇక చెరుకుగడ ముందుపళ్లతో చీల్చకూడదనీ చెప్పింది. పంపేటప్పుడు, నవ్వడం అలవాటు చేసుకోమంది. అక్కడే వచ్చింది తంటా. పాపం ఆ మహాతల్లి దాన్ని హోంవర్కులా పట్టుకుని, రోజూ అద్దం ముందు నిలబడి సాధన చేసింది.

ఇప్పుడు అద్దంలో ఆ సాధన చేసిన నవ్వే నవ్వి, మొహం మాడ్చుకుంది.

“ఇవి నావి కావండీ. ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి. ఆదివారం మా పిల్ల నిశ్చితార్థం. ఈ మొహంతో ఫొటోలో ఎట్టా నిలబడను?”

“వద్దంటే మళ్లీ చేయిద్దామండీ. ఇంకో రెండు వారాలు పడుతుంది. అతికించాక మాత్రం పగలగొడితే తప్ప రావు,” అన్నాడు డాక్టరు.

ఉషశ్రీ కళ్లు నిండాయి. శౌరమ్మ మాస్కు కిందికి లాగింది. భర్త జయపాల్ పోయాక ఆమె ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటుంది.

“మా ఆయన్ని ఓసారి ఇదే కుర్చీలో కూర్చోబెట్టానండీ. లారీ డ్రైవరు, పేరుకే మొనగాడు. సూది పొడిచి, ‘ఆ’ అనమన్నారు డాక్టర్ గారు. ‘ఆ’ అని, ఈయన వేలు కసుక్కున కొరికాడు!”

“శౌరమ్మా, అదిప్పుడెందుకు?” అన్నాడు డాక్టరు.

“ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు చెప్తానండీ? ఈయన పెట్టిన కేకకి బయట కూర్చున్న జనం లేచి పారిపోయారు. మావాడు మెడలో గుడ్డతోనే పరిగెత్తి సిటీబస్సెక్కాడు. కండక్టరు ఎగాదిగా చూసి, ‘ఏవయ్యా, గడ్డం సగంలో ఉండగానే లేచొచ్చేశావా? మంగలికి డబ్బులివ్వాలని లేదా?’ అన్నాడంట. మూతి మొద్దుబారి మాట రాదు కదండీ, చొల్లు కారుస్తూ తలూపాడంట!”

ఉషశ్రీ ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత ఆగలేకపోయింది. పళ్లన్నీ కనబడేలా పకపకా నవ్వుతుంటే, “ఊడతాయ్, ఊడతాయ్!” అని డాక్టరు గాభరా పడ్డాడు. శౌరమ్మ ఒక అరచెయ్యి ఆవిడ గడ్డం కింద పట్టి, రెండో చేత్తో అద్దం ఎదురుగా పెట్టింది.

ఉషశ్రీ చూసింది. నవ్వు ఆగలేదు గానీ కళ్లు తుడుచుకుంది.

“అమ్మో, నేనేనా! నవ్వితే ఇట్టా ఉంటానా?” అంది. కాసేపటికి, “అతికించెయ్యండి డాక్టర్ గారూ,” అంది.

శౌరమ్మ అద్దం తుడిచి పక్కన పెట్టింది. పోయి ఏళ్లయినా ఆ పిరికి సన్నాసి మనిషిని నవ్వించగలిగాడని ఎంత గర్వంగా ఉందో!

పళ్లు కడిగి, ఆరబెట్టి, జిగురు పూసి, ఒక్కోదాని మీదా నీలం లైటు పట్టి గట్టిపరిచారు. అయ్యాక ఉషశ్రీ శౌరమ్మను పక్కన నిలబెట్టుకుని ఫోనులో ఫొటో తీసుకుంది. నవ్వమని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం శౌరమ్మ సంచీ తీసుకుంది. “వెళ్లొస్తానండీ. వేళకి భోంచెయ్యండి,” అంది. డాక్టరు గుమ్మం దాకా వచ్చి తలూపాడు. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

లోపలికి వచ్చి తర్వాతి పేషెంటు మీద వంగబోతే కాలికి ఏదో తగిలింది. శౌరమ్మ పొట్టి మనిషి, కుర్చీ ఎత్తు అందక ఎక్కి నిలబడే చెక్కపీట అది. పక్కకి జరపడానికి వంగినవాడు, ఎందుకో జరపలేదు. పీట మీద పచ్చరంగు అంచుల్లోనే మిగిలింది; మధ్యలో రెండు పాదాల మేర అరిగి, చెక్క నున్నగా మెరుస్తోంది.