ఇరవైమూడు నేలలకు రంగులు

నేలల సర్వే ఆఫీసు రెండో అంతస్తులో, మెట్ల పక్కనున్న గదిలో, ఒకప్పుడు తొమ్మిది మంది కూర్చుని మ్యాపులు గీసేవాళ్లు. ఇప్పుడు ఒక్కావిడే మిగిలింది. ఖాళీ అయిన బల్లలను ఒక్కొక్కటిగా ఎవరెవరో మోసుకుపోయారు. ఆఫీసులో అందరూ ఆమెను రంగులావిడ అనేవారు. యాభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు, అన్నయ్యగారింట్లో వెనక గదిలో ఉంటుంది. పొద్దున వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే పడని రోజులు నెలలో సగం ఉండేవి.

ఆ గదిలోకి కంప్యూటరు వచ్చింది. కిటికీల్లా తెరుచుకునే గళ్లు, బాణం గుర్తుతో బొమ్మల మీద నొక్కడం, అంతా కొత్త. బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు, "కలర్ కంప్యూటర్ మేడమ్! ఇంక బ్రష్షులు కట్టిపెట్టెయ్యండి," అని ఆదరాబాదరాగా వెళ్లిపోయాడు.

తీరా చూస్తే అందులో ఉన్నవి పదహారు రంగులు. అవీ సర్కసు గుడారం రంగులు. ఆమె వెయ్యాల్సిన మ్యాపులో ఇరవైమూడు రకాల నేలలున్నాయి. పదిహేడో రంగు అడిగితే మిషను పసుపు మీద ఎర్రచుక్కలు జల్లి, ఇదే నారింజ అనేది. ఏటి ఒడ్డున సన్నగా సాగే ఒండ్రునేల తట్టు పోసినట్టు కనిపించింది.

ఇంజనీరుకి ఫోను చేసింది.

"పదహారే మేడమ్, అదంతే. చుక్కలతో సర్దుకోండి. దూరం నుంచి చూస్తే తెలీదు."

"మ్యాపుని దూరం నుంచి ఎవరు చూస్తారు బాబూ?" అంది. అప్పటికే పెట్టేశాడు.

కంప్యూటరు వచ్చిన అట్టపెట్టె అడుగున సన్నటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని నాలుగు రోజులు మధ్యాహ్నం భోజనం వేళల్లో కూడబలుక్కుంటూ చదివింది. మిషను లోపల, తెరకు బొమ్మలు పంపే డిస్‌ప్లే కార్డుకి రెండువందల యాభై ఆరు రంగులు చూపించే సత్తా ఉంది. ఆ సంగతి కంప్యూటరుకి చెప్పే ఫ్లాపీ మాత్రం సీలు కూడా విప్పకుండా పెట్టెలోనే పడుంది. అన్నీ వండిపెట్టి మూత తియ్యడం మరిచిపోయినట్టు!

సీలు చించి ఫ్లాపీ పెట్టింది. తెరమీద వచ్చిన రంగుల అమరికల జాబితాలో ఒక వరస ఎంచుకుంది. మిషను ఆగి, మళ్లీ మొదలై, తెర నల్లగా అయిపోయింది. ఆఫీసు సొత్తు, చేజేతులా పాడుచేశాను అనుకుంది. పుస్తకం చివరి పేజీ తీసింది. మిషను మళ్లీ వేసి, బొమ్మలు రాకముందు వచ్చే ఉత్త అక్షరాల తెర దగ్గరే ఆపి, పాత అమరికకు మార్చుకోవచ్చని ఉంది. అలాగే చేస్తే పదహారు రంగులూ తిరిగొచ్చాయి. మంచినీళ్లు తాగింది. కాసేపు ఊరికే కూర్చుంది. ఈసారి కింది వరస ఎంచుకుంది.

చుక్కలు పోయాయి. ఒక్క గోధుమరంగులోనే పదిరకాలు, ఒకదాని పక్కన ఒకటి, నున్నగా.

"చూశారా!" అంది గట్టిగా, వెనక్కి తిరిగి. వెనక బీరువా ఒక్కటే ఉంది.

వరండాలోకి వెళ్లి టైపిస్టుని పిలుచుకొచ్చింది. ఆమె తెరవంక చూసి, "ఇంతకుముందూ రంగులే కదండీ?" అంది.

"అవుననుకో," అని ఊరుకుంది రంగులావిడ.

ఇప్పుడింకో చిక్కు. ఏ నేలకు ఏ రంగో పాత మ్యాపులు చూద్దామంటే అవి ఎండకు వెలిసిపోయాయి. అసలు రంగులు తెలిసింది ఒక్కరికే. ఇరవైఒక్క ఏళ్లు ఎదురుబల్ల దగ్గర కూర్చుని రంగులు కలిపిన మాస్టారికి. ఆయన రిటైరై మూడేళ్లయింది. చూపు పోతోందని విన్నది. ఏం మాట్లాడాలో తెలియక ఇన్నాళ్లూ ఫోను చెయ్యలేదు. ఇప్పుడు పని దొరికింది కనక చేసింది.

"మిషనుకి రంగులేమిటమ్మాయ్," అన్నారాయన. "సరే, ఏమేం పోస్తావు అందులో?"

"ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అంతేనండీ."

"పసుపు లేకుండా మట్టిరంగు వస్తుందా? ఆ మిషనుకి బుద్ధుందా?"

"ఇది రంగు కలపదు మాస్టారూ, వెలుతురు కలుపుతుంది."



"వెలుతురా? అదైతే నాకింకా కాస్త తెలుస్తుంది," అన్నారు.

ఆ రోజునుంచి పదకొండింటికి ఆయనే ఫోను చేసేవారు. రోజుకి రెండు నేలలు. "తడిసిన ఇటుక ఆరేటప్పుడు అంచున ఒక రంగుంటుంది చూడు, అది," అనేవారు. ఆమె ఎరుపు, ఆకుపచ్చ, నీలాల అంకెలు మార్చి మార్చి, "వచ్చిందండీ," అనేది. "మరీ తొందరగా వచ్చిందే. మళ్లీ చూడు," అని కసిరేవారు. మళ్లీ చూస్తే నిజంగానే తేడా ఉండేది.

పన్నెండో రోజుకి ఒక్క నేలే మిగిలింది. చవుడు నేల. మొదటిసారికే కుదిరింది. ఆమె మాత్రం, "ఇంకా కాస్త తెల్లబడాలేమోనండీ," అంది. "అయితే నిదానంగా చెయ్యి," అన్నారు మాస్టారు. ఆ ఒక్కదానికి గంట పట్టింది.

మ్యాపు అచ్చయి వచ్చాక పెద్దాఫీసరు, "కంప్యూటరు భలే పనిచేసిందే!" అన్నాడు. ఆదివారం ఆమె ఒక కాపీ చుట్టుకుని బస్సులో మాస్టారింటికి వెళ్లింది. కోడలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఆయన మ్యాపు ఒళ్లో పరుచుకుని, కళ్లకు బాగా దగ్గరగా పట్టుకుని, దించేశారు.

"బాగా వచ్చిందా?"

"బాగా వచ్చిందండీ."

"అయితే సరే."

ఫోనులో అన్ని మాటలు దొర్లేవి, ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఒక్కటీ తోచలేదు. కాఫీ తాగేసి లేచింది. ఇంటికొస్తే వదిన, "సెలవురోజు కూడా ఆఫీసేనా?" అంది. "చిన్న పని," అని తన గదిలోకి వెళ్లిపోయింది.

సోమవారం పదకొండయింది. ఫోను మోగలేదు. పదకొండుంపావు దాకా చూసి, తనే చేసింది.

"ఏమ్మాయ్, ఇంకో మ్యాపు వచ్చిందా?"

"లేదండీ. ఊరికే చేశాను."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"సరే, చెప్పు," అన్నారు మాస్టారు.