గోల్ తిన్నవాళ్ళకే బంతి

ఓడలేదు, ఈ సీజన్‌లో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటంటే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, వాళ్ళ చొక్కాలు ఉతికేవాణ్ణి నేనుండగా ఓడనిస్తానా, తొమ్మిది మ్యాచ్‌లు, తొమ్మిది గెలుపులు, ఎనిమిదో నంబరు కుర్రాడు తన్నిన బంతి ఫింటాస్ సముద్రంలో పడితే ఓ చేప నోట కరుచుకుని ఒడ్డుకి తెచ్చిచ్చింది, మరి గోల్ ఇచ్చిన్రా కాకా అని నాతో గదిలో ఉండే లింబాద్రి అడిగాడు, చేప సాక్ష్యం చెబితే ఇవ్వక చస్తారట్రా అన్నాను, ఈ అరబ్బు దేశంలో, మంగఫ్‌లో మా కూలీల గది గదంతా నవ్వింది, మంచం మీద కాలు చాపుకుని పడున్న లింబాద్రీ నవ్వాడు, ఆ నవ్వు కోసమేనండి ఇదంతా, సరే, మీ దగ్గర దాపరికం ఎందుకు, మా జట్టు తొమ్మిదీ ఓడింది, గెలిచింది మా గదిలో మాత్రమే, వాళ్ళ సాక్సులు విదిలిస్తే ఆ ప్లాస్టిక్ గడ్డిలో పోసే నల్ల రబ్బరు గుండ్లు గుప్పెళ్ళకొద్దీ రాలతాయి, కిందపడ్డవాడి చొక్కా నిండా అవే, గెలిచిన చొక్కా ఎలా ఉంటుందో నా చేతులెరగవు, ఉతికి ఉతికి నడుం నొప్పి, గెలిపించి గెలిపించి నోరు నొప్పి.

ఇదిగో ఇప్పుడు పదో మ్యాచ్, ఆఖరిది, శుక్రవారం మధ్యాహ్నపు ఎండ, మైదానం గీత బయట నీళ్ళ డబ్బా మీద నేను, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో లింబాద్రి, ఒళ్ళో చేతికర్ర, అదుగో నాలుగోది కూడా పడింది మన గోల్‌లో, లింబాద్రి నావైపు చూడడు, చూస్తే బాగుండును, నాలుగు నెలల కిందట పనిలో పరంజా మీంచి పడ్డాడు, కట్టు విప్పి రెండు నెలలైంది, ఎముక అతుక్కుంది, నడువు అన్నాడు డాక్టరు, వీడు కాలు కింద పెట్టడు, పెడితే మళ్ళీ పుటుక్కుమంటది కాకా అంటాడు, ఆదివారం ఆఫీసుకి తన కాళ్ళ మీద తాను నడిచొస్తేనే పని, లేకపోతే ఖలాస్, ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దు చేసి జగిత్యాల పంపేస్తామన్నారు కంపెనీవాళ్ళు, మీ పోరగాళ్ళు కప్పు కొట్టిననాడు నేను కాలు కింద పెడ్త అని ఒట్టేసుకున్నాడు వీడు, నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు, ఫైనలుకి వచ్చేశాం రా అనేశాను, అయితే నన్ను తోల్కపో అన్నాడు, సల్వాలో ఓ ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా చినబాబు తన కఫీల్‌ని, అదే యజమానిని, అడిగి కారు తెచ్చి, వీణ్ణి సిమెంటు బస్తాలా ఎత్తుకొచ్చి ఇక్కడ కూచోబెట్టాడు, ఇది ఫైనలూ కాదు పాడూ కాదు, పట్టికలో అట్టడుగువాళ్ళం, అదుగో అయిదో గోలూ పడింది, ఈజిప్టు కోచ్ యల్లా యల్లా, పదండి పదండి, అంటున్నాడు గాని అందులో ఊపిరి లేదు.

ఏంది కాకా, నీ చేప ఇయ్యాల సెలవు పెట్టిందా, అన్నాడు చివరికి, నవ్వకుండా అన్నాడు, గీళ్ళేనా తొమ్మిది గెలిచినోళ్ళు, వీళ్ళేరా, మన గదిలో గెలిచారు, అన్నాను, తిడతాడనుకున్నాను, తిడితే తేలికయ్యేది, వాడు మైదానం నడిమధ్యకి చూస్తున్నాడు, ఎనిమిదో నంబరువాడు మోకాళ్ళు దులుపుకుని బంతి చంకన పెట్టుకొచ్చి మధ్యలో పెడుతున్నాడు, అదేంది కాకా, గోల్ తిన్నోళ్ళకే మళ్ళ బంతిస్తున్రు, ఆట రూలురా, తిన్నవాడే మొదలెట్టాలి, ఎన్నిసార్లు తింటె అన్నిసార్లా, అన్నిసార్లూ, మరి గిదెన్నడు చెప్పకపోతివి, చెప్పడానికి నా కథల్లో మనవాళ్ళు ఒక్కటైనా తింటేగా, అన్నాను, నాలుగు నెలలు పడకలో ఉన్నవాడికి ఎప్పుడూ కిందపడని వాళ్ళ కథలు చెప్పాను నేను, పడినవాడు ఏం చేస్తాడో ఒక్క రోజూ చెప్పలేదు, ఆరోది, మళ్ళీ బంతి మధ్యలోకి, ఆఖరి నిమిషంలో ఎనిమిదో నంబరువాడు ఒకటి కొట్టాడు, కోచ్ నన్నే వాటేసుకున్నాడు, లింబాద్రి చప్పట్లు కొట్టాడు, ఆట అయిపోయిందని ఈల.

చినబాబు ఎత్తుకోబోతే ఆగన్నా అన్నాడు, కర్ర నా చేతికిచ్చి, కాలిపోయే నేలని తాకినట్టు ఆ కాలు కింద పెట్టాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగో అడుగులో మోకాలి మీద పడ్డాడు, నేను కదల్లేదు, కదలబోయిన చినబాబు చెయ్యి పట్టుకు లాగాను, లింబాద్రి గడ్డి మీద అరచెయ్యి ఆనించి లేచాడు, బూతొకటి తిట్టి మళ్ళీ నడిచాడు, కారు దాకా పదకొండు అడుగులు, ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి, ఆఫీసుకి మెట్లెన్నున్నాయో అడగాలి, నీ ప్యాంటు ఇటు పడేయరా నేనుతుకుతాను అన్నాను, ఇప్పుడు తెలిసింది, పడ్డ చొక్కాలన్నీ ఇన్నాళ్ళూ మళ్ళీ లేచినవాళ్ళవేనని, ఓడినవని అనుకుంటూ ఉతికాను నేను, ముసలివాణ్ణి, గెలిపించే అలవాటు ఎక్కడికి పోతుంది, ఆఖరి నిమిషం గోల్ నేను కల్పించిందేనండి, ఆరు సున్నా ఓడాం, లింబాద్రి మోకాలికంటిన నల్ల రబ్బరు గుండ్లు మాత్రం నిజం.