గడ్డికొన మీది చుక్క

నవంబరు పద్నాలుగు. ఆ పొద్దున మేము తిన్నది ఒకవైపు మాడిన రొట్టె, ఉడికించిన గుడ్లు. మాడింది నా వల్లే. పెనం మీద రొట్టె వేసి, కోడలికి స్లీట్ అంటే ఏమిటో చెబుతూ ఉండిపోయాను.

"వానా మంచూ కలిసి పడితే స్లీట్. గడ్డకట్టిన ఉండలు పడితే హెయిల్."

"మాడిన రొట్టె పడితే?" అంది కోడలు నల్లటి పెచ్చు గీకుతూ. మరీ మాడిన ముక్కని మాట్లాడకుండా తన పళ్లెంలో వేసుకుంది. ఇలాంటివి ఈమధ్య నా కంట పడుతున్నాయి. మా ఆవిడ పోయిన నాలుగేళ్లలో నేను కొత్తగా నేర్చుకున్న చదువు అదొక్కటే.

నేను ముప్ఫై రెండేళ్లు వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేశాను. ఇప్పుడు అదే కేంద్రంలో సహాయకురాలి ఉద్యోగానికి కోడలు పరీక్ష రాస్తోంది. ఇది మూడోసారి, ఆఖరిసారి కూడా. వయసు గడువు ఈ ఏటితో సరి. మొక్కల నర్సరీలో ఎరువులు కలిపి కలిపి ఆమె వేళ్లు చలి రాగానే పగిలిపోతాయి. గ్లాసు పట్టుకోవాలన్నా రెండు అరచేతుల మధ్య పట్టుకుంటుంది.

రాత పరీక్ష ఎప్పుడూ గట్టెక్కేది. తర్వాత కేంద్రం ఆవరణలో నిలబెట్టి, కనబడేదాన్ని చూపించి, ఇదేమిటో ఇంగ్లీషులో చెప్పమంటారు. దెబ్బ అక్కడే తగిలేది.

"రెండుసార్లూ వాళ్ల ముందు నీళ్లు నమిలి వచ్చాను మామయ్యా. ఈసారి ఏ నీళ్లో పేరు చెప్పి మరీ నములుతాను."

అందుకని ఇల్లంతా బడి చేశాను. కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి చూపించాను. ఫ్రిజ్ గోడకు పట్టిన తెల్లటి పొరను గోటితో గీసి ఫ్రాస్ట్ అన్నాను. కిలోమీటరు అవతలి నీళ్ల ట్యాంకు మసకగా కనబడితే మిస్ట్, అసలు కనబడకపోతే ఫాగ్. సన్న తుంపర డ్రిజిల్, ఒక్కసారిగా కురిసి వెలిసేది షవర్. రిల్, బ్రూక్, క్రీక్ అంటూ పారేవాటికి ఒక వరస, పాండ్, పూల్, మార్ష్ అంటూ నిలిచేవాటికి ఇంకో వరస. రాసుకుంటూ పోతే నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి.

"నీళ్లకి ఇన్ని పేర్లా! మా పుట్టింట్లో మనుషులకి కూడా ఇన్ని లేవు."

నవ్వాను గానీ, ఆ పుస్తకం మూసేటప్పుడు ప్రతిసారీ నా ఒళ్లు జలదరించేది. పదకొండు పేజీలూ కలిపి ఒక్క నీరే కదా. అద్దం మీద ఉన్నదే మబ్బులో ఉంది, మబ్బులో ఉన్నదే గ్లాసులో ఉంది. కాస్త చల్లబడితే ఒక పేరు, కాస్త కదిలితే ఇంకో పేరు.

పరీక్షకు అయిదు రోజుల ముందు, తెల్లారాక పెరట్లో గడ్డి దగ్గర నిలబెట్టాను. కేంద్రంలో మా పాత పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి చూపించాను. వంగి, వేలి వెనకవైపుతో గడ్డికొనలు తాకాలి. తడి తగిలితే రిజిస్టరులో డ్యూ, అంటే రాత్రి గాలిలోంచి పట్టిన మంచు, అని రాయాలి. ముప్ఫై రెండేళ్లు నేను రాసింది అలాగే.

కోడలు వంగి తాకింది. లేవలేదు.

"ఇది మంచు కాదు మామయ్యా."

"మంచు కాకపోతే పన్నీరా?"

"కొనల మీదే ఉంది చూడండి. ఆకు మధ్యంతా పొడిగా ఉంది. కంచె తీగ కూడా పొడే." తీగ మీద వేలు రాసి చూపించింది. "మా నర్సరీలో ప్లాస్టిక్ కప్పిన షెడ్డులో కూడా పొద్దున్నే ఆకుల కొనలకి ఇలాగే చుక్కలుంటాయి. అక్కడికి ఆకాశం ఎలా వస్తుంది?"

ఆ సాయంత్రం కోడలు వంటింట్లోంచి పెద్ద గిన్నె తెచ్చి గడ్డి మీద బోర్లించింది. పొద్దున ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని గిన్నె ఎత్తాం. లోపల ప్రతి పోచ కొనమీదా ఒక్కొక్క చుక్క. గుండ్రంగా, వణుకుతూ. ఒక్కో చుక్కలో మా ఇల్లు తలకిందులుగా నిలబడి ఉంది. గాలిలోంచి వచ్చి పట్టింది కాదు. గడ్డే వేళ్లతో నీళ్లు తాగి, పట్టనిది కొసల్లోంచి బయటికి నెట్టింది.

అప్పుడు మా ఆవిడ గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో కేంద్రానికి క్యారియర్ తెచ్చినప్పుడు ఇదే మాట అంది. "కడుపునిండా తాగిన పసిపిల్ల పెదవి చివర పాలచుక్కలా లేదూ? గడ్డికి పొట్ట నిండిందండీ." నేను పగలబడి నవ్వాను. కాలేజీ చదువు వెలగబెట్టింది నువ్వా, నేనా అన్నాను. ఆవిడ కూడా నవ్వేసి నాకు పళ్లెం పెట్టింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తడిసిన మోకాళ్లతో అక్కడే కూర్చుని ఆ సంగతంతా కోడలికి చెప్పాను.

"పరీక్షలో మాత్రం డ్యూ అనే చెప్పమ్మా," అన్నాను చివరికి. "వాళ్ల పుస్తకంలో ఉన్నది అదే. ఇదే ఆఖరిసారి."

కోడలు గిన్నె తోముకోవడానికి వెళ్లిపోయింది.

పరీక్షరోజు ఆమె మొదటి బస్సుకే వెళ్లింది. నేను లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి దొరికింది. గటేషన్. దీనికీ ఒక పేరుంది! అంటే ఎవరో, ఎక్కడో, ఒక పొద్దున నాలాగే గడ్డి దగ్గర వంగి, నాకంటే మరికాస్త సేపు చూశారన్నమాట. కానీ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. పరీక్షకి ఫోను తీసుకెళ్లనివ్వరు, ఆ మాట ఆమెకు చెప్పే దారి లేదు.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అదే చూపించారు మామయ్యా. గడ్డి."

"డ్యూ అన్నావా?"

"అందామనే నోరు తెరిచాను. ఆ చుక్కని చూస్తూ అబద్ధం రాలేదు. పేరు తెలీదండీ, ఇది మాత్రం గాలిలోంచి పట్టింది కాదు, గడ్డిలోంచే వచ్చింది అన్నాను. కంచె తీగ పొడిగా ఉందని చూపించాను. మా షెడ్డు సంగతీ, మన గిన్నె సంగతీ చెప్పాను."

"వాళ్లేమన్నారు?"

"పరీక్ష పెట్టే పెద్దావిడ చీర తడుస్తున్నా కింద కూర్చుంది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది. పక్కాయన పిలిచినా లేవలేదు." కోడలు అప్పుడు చెప్పులు విప్పింది. "పేర్లు నేర్పడానికి మేమున్నాం, చూడ్డం ఎవరూ నేర్పలేరు అంది. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు."

నేను నిఘంటువు తెరిచి ఆ మాట చూపించాను. పగిలిన వేలితో దాని కింద నెమ్మదిగా గీత గీసినట్టు తడిమింది.

"అత్తయ్యకి పేరు తెలీకుండానే తెలుసు కదా," అంది.

భోజనాలయ్యాక పెరటి గుమ్మంలో నిలబడ్డాను. చీకట్లో గడ్డి కనబడలేదు. ఏ చప్పుడూ లేదు. ఈ సరికి కింద వేళ్లు తాగడం మొదలుపెట్టి ఉంటాయి. పసిపిల్ల పాలు తాగే గదిలోంచి వచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేసి, గడియ మోగకుండా తలుపు దగ్గరగా వేశాను.