పెద్ద మిషనులో అక్క ఎడిటరు

ప్రోగ్రాములు రాసి దిద్దుకునే ఎడిటరును మళ్లీ లేపి చూశాడు. తెరమీద మళ్లీ పిచ్చిగీతలే. మందుల గోదాము వెనకగదిలో, ఏసీ హోరులో, నిన్నటినుంచి ఇదే వరస. గోదాములో అతన్ని అందరూ పచ్చతెరాయన అంటారు. నల్లటి తెరమీది పచ్చటి అక్షరాలు చూస్తూనే జుట్టు నెరిసిపోయినవాడికి ఇంకేం పేరు పెడతారు? ఆ ధ్యాసలో పడి పెళ్లిమాటే మరిచిపోయాడు పాపం.

గోదాము లెక్కలు చూసే ఆ పెద్ద కంప్యూటరుది ఒంటెత్తు పోకడ. ఎంత టైపు చేసినా, ఎంటర్ నొక్కేదాకా చెవిన వేసుకోదు. ఏ కంప్యూటరైనా అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది, ఇది వాడే అంకెలే వేరు. దాని సొంత ఎడిటరులో తెర చూసుకుంటూ ఒక గడినుంచి ఇంకో గడికి వెళ్లాలి. అతని అక్కకేమో చూపు పోయింది. ఆమె వేళ్లకు తెలిసింది యూనిక్స్ అనే వేరే రకం మిషన్లలో ఉండే పాత ఎడిటరు ఒక్కటే. అందులో ఒక్కో అక్షరం నొక్కితే ఒక్కో పని అయిపోతుంది.

గడువు తీరిన మందుల జాబితా తీసే ప్రోగ్రాము ఆమె రాసిందే. చివరి పెట్టెను అది వదిలేస్తోందని ఈమధ్యే బయటపడింది. "నా తప్పు నేనే దిద్దుకుంటాన్రా," అంది మంచంమీదనుంచి. ఇక చేసేదేం లేదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఆ ఎడిటరును ఈ మొండిఘటంలోకి ఎక్కించి తీరాలని తమ్ముడు పంతం పట్టింది అందుకే.

టీ చల్లారిపోయాక తట్టింది. నిన్న ఎడిటరును యూనిక్స్ మిషనునుంచి మామూలు రాతఫైలని చెప్పి పంపాడు. మిషను బుద్ధిగా అందులోని ప్రతి అంకెనూ తన అంకెల్లోకి మార్చేసింది. చొక్కాకు రంగెయ్యమంటే మనిషికీ పూసినట్టు. నా బుర్ర తగలెయ్య అనుకుని, ఉన్నదున్నట్టు మళ్లీ పంపాడు. ఈసారి ఎడిటరు లేచింది. ఎంటర్ కోసం ఆగని వేరే దారిలో ఇంట్లో అక్క కీబోర్డును దానికి కలిపి, ఆమె టైపు చేసేది తనకూ కనబడేలా చేసి, ఫోను బల్లమీద పెట్టాడు.

"వచ్చిందట్రా?"

"వచ్చిందక్కా. కొట్టు. నేను చదువుతుంటా."

గదిలో ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. పచ్చచుక్క తనంతట తను నడిచింది. ఒక వరస మాయమైంది, ఇంకొకటి పుట్టింది. చిన్నప్పుడు అతనికి జ్వరం వస్తే అక్క నుదుటిమీద వేలితో అక్షరాలు రాసి, ఏం రాశానో చెప్పమనేది. ఇప్పుడూ నుదురు చల్లబడ్డట్టయింది. చదవడం మానేసి చూస్తూ ఉండిపోయాడు. ఎంత హాయిగా ఉందో.

"నిద్రపోయావా?"

"లేదక్కా, చూస్తున్నా."

"చూడ్డం తర్వాత. చదువు."

చదివాడు. కాసేపటికి చుక్క ఆగింది. అక్క అంతే, ఆలోచనలో పడితే పక్కన పిడుగు పడ్డా కదలదు. జాబితా కోసం సూపర్‌వైజరు తలుపు తోశాడు.

"ఉండండి సార్. అక్క ఆలోచిస్తోంది," అన్నాడు గొంతు తగ్గించి.

చాలాసేపటికి అక్క మంచం పక్కనున్న మేనకోడలు ఫోనులో మెల్లగా అంది. "మామయ్యా, ఇక చదవకు. ఇంటికి రా."

దినకార్యాలన్నీ అయ్యాక గోదాముకు వచ్చి ప్రోగ్రాము తెరిచాడు. సేవ్ చెయ్యని నకలు ఒకటి మిగిలిపోయింది, తెరవమంటావా, చెరిపెయ్యమంటావా అని ఎడిటరు అడిగింది. తెరవమన్నాడు. తప్పు దిద్ది ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మార్పు చేసినవాళ్లు పేరు రాసే పైభాగంలో ఆమె కొత్త వరస ఒకటి మొదలుపెట్టింది. 'దిద్దినవారు' అని ఉంది, పక్కన ఖాళీ.