క్లాసెన్ తాత గేరు

జర్మనీలోని ఆకెన్ ఊరిచివరి షెడ్డులో ఆ ఇంజిన్ అరవై ఏళ్లుగా మూలన పడి ఉంది. జగిత్యాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన స్నిగ్ధకు ఆ ముసలి ఇనుముతో ముడి పడుతుందని ఎవరనుకున్నారు!

మిలిటరీ రవాణా విమానం కోసం తొలిరోజుల్లో చేసిన టర్బోప్రాప్ అది. లోపల టర్బైన్ పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. ముందున్న ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చే గేరు, పరీక్షకు పెట్టినప్పుడల్లా పగిలేది. చివరికి ప్రాజెక్టే మూసేశారు. ఆ గేరు గీసిన క్లాసెన్ అప్పుడు కుర్రాడు. ఇప్పుడు చూపు పోయి వృద్ధాశ్రమంలో ఉన్నాడు. థీసిస్ కోసం వెళ్లిన స్నిగ్ధ చేత "తాతా" అనిపించుకుని, తాను చెబుతూ ఆ గేరును మళ్లీ గీయించాడు.

"ఒక్కసారి దాని మోత విని పోతాను పిల్లా," అనేవాడు.

కొత్త గేరు బిగించేసరికి కరోనా వచ్చి ఆశ్రమం తలుపులు మూతపడ్డాయి. క్లాసెన్‌కు జ్వరం తగిలింది. ఇక ఆగితే లాభం లేదని స్నిగ్ధ నర్సుకు నెట్ కాల్ చేసి, ముసలాయన చెవి దగ్గర ఫోన్ పెట్టించింది.

"శశీ, నా ఫోన్ ఇంజిన్‌కు ఇంకింత దగ్గరికి పట్టురా!"

"ఇంకా దగ్గరికంటే అందులో దూరాలే తల్లీ!" అన్నాడు ఆమె క్లాస్‌మేట్, బెజవాడ శశికాంత్.

ఇంజిన్ అందుకుంది. కాళ్ల కింద నేల అదిరింది. గేరు పగల్లేదు. ఆపగానే ఇద్దరూ కేకలు పెట్టారు.

"తాతా, విన్నారా?" అంది జర్మన్‌లో.

"మీ కేకలు విన్నాను. ఇంజిన్ వినపడలేదు. మళ్లీ పగిలింది కదూ? నన్ను ఊరడించడానికి ఈ నాటకమెందుకు పిల్లా. తప్పు నా గీతలోనే ఉంది."

ఫోన్ తెగిపోయింది. శశికాంత్ స్క్రీన్ చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఇది నాయిస్ సప్రెషన్‌లో ఉందేంటే?"

ఆన్‌లైన్ క్లాసుల్లో హాస్టల్ వంటింటి రొద ప్రొఫెసర్‌కు వినపడకూడదని స్నిగ్ధే పెట్టుకున్న ఏర్పాటు. అది మనుషుల గొంతులను పోనిచ్చి, ఇంజిన్ మోతను తుడిచేసింది.

"నా చేతులార నేనే జేసిన గదరా!" అని స్నిగ్ధ ఫోన్ లాక్కుంది.

మళ్లీ కలిపేసరికి ఆశ్రమం ముందు అంబులెన్స్ వచ్చి ఉంది. ఊపిరి అందడం లేదట.

"గేరు పగల్లేదని చెప్పండి. అదొక్కటే చెప్పండి," అని బతిమాలింది.

నర్సు వెళ్లి వచ్చింది.

"చెప్పాను. నవ్వాడు."

"నమ్మాడా?"



"మంచి పిల్ల, అబద్ధం చెప్పడం చేతకాదు, అన్నాడు."

క్లాసెన్ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.